పాత తలుపులు గీకించే ముందు

తాతగారి నాటి ఇల్లు. ఇంట్లో పెళ్ళి కుదిరింది. ముహూర్తానికి ఇంకా రెండు నెలలుంది గదా, ఈలోగా ఇల్లు కాస్త బాగు చేయించుకుందామనుకున్నారు. ముదురాకుపచ్చ కిటికీ రెక్కలు, పొరమీద పొరగా రంగు పేరుకుపోయిన ద్వారబంధాలు, కారుతున్న ఇత్తడి కుళాయిలు, అన్నీ ఒక్కసారిగా పాతబడిపోయినట్లు కనిపిస్తున్నాయి మీకు. "లోపల బంగారంలాంటి టేకుందండీ, ఈ రంగంతా గీకేసి పాలిష్ పెడితే అద్దంలా మెరుస్తుంది" అన్నాడు వడ్రంగి.

మెరుస్తుంది, సందేహం లేదు. కాని ఆ గీకుడు సాగినన్నాళ్ళూ ఇల్లంతా పిండిలాంటి దుమ్ము. మంచాలమీద, మంచినీళ్ళ బిందెమీద, ఆరేసిన బట్టలమీద. ఆ దుమ్ములోనే మీ మనవడు పాకుతూ, వేళ్ళు చీకుతూ తిరుగుతుంటాడు. దుమ్మే గదా, తుడిస్తే పోతుందనుకుంటారు మీరు. పాత రంగు దుమ్ములో సీసం ఉండవచ్చునన్న సంగతి వడ్రంగికీ తెలియదు, మీకూ తెలియదు.

పూర్వం ఎనామిల్ రంగుల్లో సీసం విరివిగా వాడేవారు. తెలుపుకు సీసపు సఫేదా, పసుపుకు సీసపు క్రోమేటు, ఇనుప ఊచలకు తుప్పు పట్టకుండా సింధూరం. రంగు తొందరగా ఆరడానికి కూడా సీసమే కలిపేవారు. అమెరికాలో ఇళ్ళ రంగుల్లో దీనిని 1978లోనే నిషేధించారు. మన దేశంలో 2016లో నియమాలు వచ్చాయి. పది లక్షల భాగాల రంగులో సీసం 90 భాగాలకు మించరాదన్న కట్టడి 2017 నవంబరు నుంచి అమలైంది. కనుక అంతకు ముందు వేసిన ఎనామిల్ రంగు ఏదైనా సరే, అనుమానించవలసిందే. పసుపు, ఎరుపు, నారింజ, ఆకుపచ్చ రంగులను మరీను.

పసుపు అన్నాను గనుక గడప సంగతి చెప్పాలి. శుక్రవారం శుక్రవారం పసుపు రాసే ఓపిక లేక చాలామంది గడపకు పసుపు ఎనామిల్ వేయించి, దానిమీద ఎర్రచుక్కలు పెట్టించారు. నడిచే వాళ్ళ కాళ్ళ రాపిడికి ఆ రంగు రోజూ కొంచెం కొంచెంగా అరుగుతూనే ఉంటుంది. పాకే బిడ్డ చేతులు ఆనించి దాటేది సరిగ్గా అక్కడే!

పెద్దవాళ్ళు మింగిన సీసంలో కొద్ది భాగమే ఒంటికి పడుతుంది. పసివాళ్ళకు అంతకు నాలుగైదు రెట్లు పడుతుంది. ఇనుము, కాల్షియం చాలని పిల్లలకు ఇంకా ఎక్కువ. రక్తహీనత, కడుపునొప్పి, మలబద్ధం, చిరాకు రావచ్చు. అసలు పైకి ఏమీ కనిపించకపోవచ్చు కూడా. కాని అది ఎదిగే మెదడును దెబ్బతీస్తుంది. చదువులో వెనకబడతాడు, నిలకడ ఉండదు. మొద్దు అని మనమే తిడతాం. అలా జరిగిన నష్టాన్ని తరువాత మందులతో పూడ్చలేము. ఇంత వరకు పరవాలేదు అని చెప్పదగిన మోతాదు సీసానికి లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. గర్భిణి రక్తం నుంచి కడుపులోని బిడ్డకు కూడా చేరుతుంది. పురిటికి వచ్చిన అమ్మాయి ఇంట్లో ఉండగా ఈ పని పెట్టుకోవద్దు.

అలాగని కంగారు పడి తలుపులు పీకించకండి. పెచ్చులూడకుండా గట్టిగా ఉన్న రంగువల్ల ప్రమాదం తక్కువ. దానిని సబ్బునీళ్ళతో కడిగి, ఆరనిచ్చి, పైన కొత్త రంగు వేయించుకోవడమే మంచిది. కొత్త డబ్బా మీద సీసం 90 పీపీఎంకు మించదని రాసి ఉందో లేదో చూసి కొనండి. సున్నం గోడలతోను, ఎన్నడూ రంగెరుగని పాలిష్ తలుపులతోను ఈ బెడద లేదు. లక్క పాలిష్‌లో సీసం ఉండదు.

టేకు కనబడి తీరాలంటే తలుపులు ఊడదీయించి ఇంటి బయట, ప్లాస్టిక్ పట్టా మీద పెట్టించండి. ఉప్పు కాగితంతో పొడిగా రుద్దనివ్వకండి. మిషనుతో అసలే వద్దు. నీళ్ళు చల్లుతూ వాటర్ పేపరుతో తడిగా రుద్దించండి. బ్లో ల్యాంపుతో కాలిస్తే సీసం పొగై ఊపిరితిత్తుల్లోకి పోతుంది. రంగు ఊడదీసే మందుల్లో కొన్నింటిలో మెథిలీన్ క్లోరైడు ఉంటుంది. తలుపులు మూసిన గదిలో వాటిని వాడి ప్రాణాలు పోగొట్టుకున్నవారున్నారు. పనివాడికి ముక్కుకు కట్టుకున్న తుండుగుడ్డ చాలదు, ఎన్-95 మాస్కు కొనిపెట్టండి. ఆ ఖర్చు మీదే. అతనింట్లోనూ పసిపిల్లలుంటారు, దుమ్ము బట్టలతో ఇంటికి పంపకండి.

పని అయ్యాక చీపురు పట్టకండి. ఊడిస్తే దుమ్ము లేచి మళ్ళీ పడుతుంది. తడిగుడ్డతో రెండు మూడుసార్లు తుడిచి, ఆ గుడ్డ పారేయండి.

తీసేసిన పాత చెక్కలు చాలా ఇళ్ళలో పెరట్లోని నీళ్ళ పొయ్యిలోకి పోతాయి. పెళ్ళివారికి వేడినీళ్ళు కాగాలి కదా! రంగువేసిన చెక్క కాలిస్తే సీసం పొగలో కొంత, బూడిదలో కొంత చేరుతుంది. ఆ బూడిదతో గిన్నెలు తోమితే తిరిగి మన కంచంలోకే వస్తుంది. రంగున్న చెక్కను ఏ పొయ్యిలోనూ పెట్టకండి.

పని ఇదివరకే జరిగిపోయి, ఇంట్లో ఆరేళ్ళలోపు పిల్లలుంటే డాక్టరుగారికి ఈ సంగతి చెప్పి, నరం నుంచి తీసిన రక్తంలో సీసం ఎంతుందో పరీక్ష చేయించండి. డెసిలీటరుకు 5 మైక్రోగ్రాములు గాని, అంతకు మించి గాని ఉంటే అది ఎక్కడి నుంచి వస్తోందో వెదికి తొలగించాలి. ఇనుము, కాల్షియం చాలినంత అందేలా చూడాలి. సీసాన్ని బయటకు లాగే మందులు మోతాదు బాగా పెరిగినవారికే, అదీ ఆసుపత్రిలోనే.

ఇక కుళాయిలు. పాత ఇత్తడిలో కొంత సీసం కలిపేవారు. రాత్రంతా గొట్టంలో నిలిచిన నీటిలోకి అది దిగుతుంది. మార్చే స్తోమత లేకపోతే వంటింటి కుళాయి ఒక్కటైనా మార్చండి. అదీ కుదరకపోతే పొద్దున్నే మొదటి నీళ్ళు తాగడానికీ వంటకూ పట్టకుండా మరుగుదొడ్డి బకెట్టులోకి వదలండి.