హోప్ వెనుక ఒక ఓటు

అట్లాంటా ప్రాంతంలో హైస్కూలు పిల్లలున్న మనవాళ్లు నలుగురు కలిస్తే చాలు, మాట 'హోప్' స్కాలర్‌షిప్ మీదికి మళ్లుతుంది. 'బి' సగటు తెచ్చుకుంటే రాష్ట్ర ప్రభుత్వ కాలేజీల్లో ట్యూషన్ ఫీజు బెంగ తీరినట్లే. అయితే ఆ డబ్బు లాటరీ టిక్కెట్ల నుంచి వస్తుందనీ, ఆ లాటరీని ఒకప్పుడు జార్జియా రాజ్యాంగమే నిషేధించిందనీ ఎందరికి తెలుసు?

నిజానికి జార్జియాకు లాటరీ కొత్త కాదు. 1805 నుంచి 1833 వరకు స్థానిక ఇండియన్ తెగల నుంచి తీసుకున్న భూములను చీట్లు తీసి పంచిపెట్టారు. మనవాళ్లు ఎందరో ఇళ్లు కొనుక్కున్న నేటి ఫార్సైత్ కౌంటీ కూడా 1832లో అలా పంచిన చెరోకీల నేలే. తరువాత 1868 రాజ్యాంగం లాటరీలను నిషేధించింది. ఆ నిషేధం నూరేళ్లకు పైగా నిలిచింది.

దాన్ని తొలగించి, లాటరీ లాభాన్ని చదువులకే ఇస్తానని చెప్పి జెల్ మిల్లర్ 1990లో గవర్నరుగా గెలిచారు. రాజ్యాంగాన్ని సవరించాలంటే ఉభయ సభల్లో మూడింట రెండు వంతుల మద్దతు, ఆపైన ప్రజల ఓటు కావాలి. చర్చిలు గట్టిగా వ్యతిరేకించాయి. చివరికి 1992 నవంబరులో సుమారు 52 శాతం ఓటర్లు సరేనన్నారు. 1993 జూన్‌లో టిక్కెట్ల అమ్మకం మొదలైంది. పక్కనున్న అలబామాలో మాత్రం 1999లో ఓటర్లు ఇటువంటి సవరణను తిరస్కరించారు. 2024లో మరో ప్రయత్నం సెనేట్‌లో ఒక్క ఓటు తక్కువై ఆగిపోయింది.

హోప్ సాయంతో ఇప్పటికి 20 లక్షల మందికి పైగా చదువుకున్నారు. నాలుగేళ్ల పిల్లల ప్రీ-కె తరగతులూ ఈ సొమ్ముతోనే నడుస్తున్నాయి. ఇది చిన్న విషయం కాదు.

కానీ రెండో వైపు కూడా చూడాలి. మొదట్లో 66,000 డాలర్ల లోపు ఆదాయమున్న కుటుంబాలకే హోప్ ఇచ్చేవారు. 1995లో ఆదాయ పరిమితి పూర్తిగా ఎత్తేశారు. సంపాదనలో ఎక్కువ వంతు టిక్కెట్లకు పెట్టేది పేదవారనీ, స్కాలర్‌షిప్పులు ఎక్కువగా అందేది కలిగినవారి పిల్లలకనీ పరిశోధనలు తేల్చాయి.

మనవాళ్లకు మరో మెలిక ఉంది. హెచ్-4 వీసాపై ఉన్న పిల్లలకు హోప్ రాదు. చిన్నప్పటినుంచీ ఇక్కడే చదివినా, ఎన్ని మంచి మార్కులు వచ్చినా అంతే. గ్రీన్‌కార్డు కోసం ఏళ్ల తరబడి వేచి ఉన్న తల్లిదండ్రులు పిల్లలు తొమ్మిదో తరగతికి వచ్చేసరికే ఈ సంగతి లెక్కలోకి తీసుకోవడం మంచిది.

మన పిల్లలకు హోప్ వస్తే తప్పక సంతోషిద్దాం. అయితే ఆ ఫీజు కట్టినవారిలో గ్యాస్ స్టేషన్ కౌంటర్ దగ్గర స్క్రాచ్ టిక్కెట్ గీకి, ఏమీ తగలక ఉత్త చేతులతో ఇంటికి వెళ్లినవారు చాలామంది ఉన్నారు. ఈ మాట కూడా పిల్లలకు చెప్పి కాలేజీకి పంపుదాం.