అడిగిన పని దొరకనప్పుడు

పని కోల్పోయిన మనుష్యునకు మరల పని దొరకువరకు గడచు దినముల భారమును అతని కుటుంబము మాత్రమే మోయవలెనా, లేక రాజ్యము కూడ అందులో కొంత పాలు పంచుకొనవలెనా అను ప్రశ్నకు, 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగము తన 41వ అధికరణమున సమాధానము చెప్పియున్నది. పని చేయు హక్కును, నిరుద్యోగ వార్ధక్య వ్యాధి వైకల్యముల వేళ ప్రజాసహాయము పొందు హక్కును, తన ఆర్థికశక్తికి లోబడి రాజ్యము కల్పింపవలెనని ఆ అధికరణము నిర్దేశించుచున్నది. అయితే అది ఆదేశసూత్రములలో చేరినందున, దానిని చేతబట్టుకొని న్యాయస్థానము తలుపు తట్టుటకు వీలులేదు. బ్రిటను దేశము 1911లోనే కొన్ని పరిశ్రమల శ్రామికులకు నిరుద్యోగ బీమాను ఏర్పరచగా, మన దేశమున అందరికిని వర్తించు అట్టి ఏర్పాటు నేటికిని లేదు. ఉన్నవి వేరువేరు దారులు. తన దారి ఏదియో తెలిసికొనక బయలుదేరినవాడు కార్యాలయముల గడపలు త్రొక్కి త్రొక్కి అలసిపోవును.

ఖమ్మము జిల్లా ఎర్రుపాలెము మండలమున ఈ దారులన్నియు ఒకచోట కానవచ్చును. కాజీపేట – విజయవాడ రైలుమార్గముపై, ఆంధ్రప్రదేశ్ పొలిమేరను ఆనుకొనియున్న ఈ ప్రాంతమున మిరపకోతలు ముగిసి, ప్రత్తిచేలు బీడువడిన వేసవి దినములలో పొలమునందు కూలి దొరకదు. చదువుకొన్న పిల్లలు రైలెక్కి విజయవాడకో హైదరాబాదుకో పోవుదురు. కొందరు సముద్రములు కూడ దాటియున్నారు.

చదువుకొన్నవారి సంగతి ముందుగా చెప్పి ముగింతును, ఏలయన అందు చెప్పదగినది కొంచెమే. 2018 అక్టోబరు 2న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ముఖ్యమంత్రి యువనేస్తము అను పేర నిరుద్యోగులైన పట్టభద్రులకు నెలకు 1000 రూపాయల భృతి ఆరంభించి, మరుసటి సంవత్సరము దానిని 2000 చేసినది. పొలిమేరకు ఆవలనున్న గంపలగూడెము యువకుడు ఆ పథకమునకు అర్హుడైన కాలమున ఈవలనున్న ఎర్రుపాలెము యువకునకు అట్టిది లేదు. 2019లో ప్రభుత్వము మారిన పిమ్మట ఆవలి భృతియు నిలిచిపోయినది. తెలంగాణమున 2018 ఎన్నికల వేళ 3016 రూపాయల నిరుద్యోగ భృతి వాగ్దానము వెలువడినను అది అమలు కాలేదు. ప్రభుత్వము ఇచ్ఛ కలిగినప్పుడు ఇచ్చి, ఇచ్ఛ తీరినప్పుడు మానుకొనగల భృతిని నమ్ముకొని యువకులు తమ సంవత్సరములను లెక్క వేసికొనరాదని నా దృఢాభిప్రాయము. చట్టము వ్రాసియిచ్చినది వేరు.

చట్టము వ్రాసియిచ్చినవానిలో మొదటిది కార్మిక రాజ్య బీమా, అనగా మనవారు ఈఎస్ఐ అని పిలుచునది. నెలకు 21,000 రూపాయలకు మించని వేతనముపై, ఈ బీమా వర్తించు కర్మాగారమునందో దుకాణమునందో పని చేయువాని జీతమునుండి నూటికి ముప్పాతిక రూపాయియు, యజమాని వంతుగా మూడుంబావు రూపాయలును ఈ బీమా సంస్థకు చేరుచుండును. ఆసుపత్రి చీటీకి తప్ప ఈఎస్ఐ కార్డు వేరొకందులకు పనికిరాదని తలచువారు అనేకులు. కాని 2018లో ఆరంభమై, గడువు పలుమార్లు పొడిగింపబడిన అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన క్రింద, పని పోయినవానికి సగటు దినవేతనములో సగము చొప్పున 90 దినములవరకు సహాయము లభించును. దినమునకు 500 రూపాయల సగటు గలవానికి పూర్తి సహాయము 22,500 రూపాయలగును. ఇది జీవితమునందు ఒక్కపర్యాయమే. అడుగువాడు కనీసము రెండు సంవత్సరములు బీమాలో నుండవలెను. పని పోవుటకు ముందటి చందా అర్ధసంవత్సరమున 78 దినములకు తక్కువ కాకుండ చందా చెల్లియుండవలెను. అంతకు పూర్వపు మూడు అర్ధసంవత్సరములలో ఏదేని ఒకదానియందు కూడ అట్లే చెల్లియుండవలెను. దుష్ప్రవర్తనకై తొలగింపబడినవారికిని, తమంతట పదవీవిరమణ చేసినవారికిని ఇది లేదు. పని పోయిన 30 దినముల పిమ్మట అర్జీ పెట్టుకొనినచో, సొమ్ము యజమాని చేతిమీదుగా కాక నేరుగా శ్రామికుని బ్యాంకు ఖాతాకు చేరును. ఆధార్ నందలి పేరు, బీమా నందలి పేరు, ఖాతా నందలి పేరు అక్షరమక్షరము సరిపోవుటను పనిలో ఉన్నప్పుడే చూచుకొనుట మేలు. పని పోయిన పిమ్మట పాత యజమానిని ఆశ్రయించి ఆ పేర్లను దిద్దించుకొనుట దుస్సాధ్యమైన కార్యము.

ఇక కూలిజనుల దారి. 2005 నాటి జాతీయ గ్రామీణ ఉపాధి హామీ చట్టము 2006 ఫిబ్రవరి 2న అనంతపురము జిల్లా బండ్లపల్లిలో ఆచరణలోనికి వచ్చినది; తొలివిడత 200 జిల్లాలలో ఖమ్మము ఒకటి. దీని క్రింది పనిని పల్లెలలో నేటికిని కరువు పని యనియే పిలుచుచున్నారు. నూరు దినముల పని అను మాట అందరికిని తెలిసినదే. దాని వెనుకనే 7వ విభాగమున మరియొక మాట ఉన్నదని తెలిసినవారు అరుదు. జాబ్ కార్డు గల కుటుంబములోని వయోజనుడు పని అడిగిన 15 దినములలోపల పని చూపనియెడల, పదునారవ దినమునుండి అతడు నిరుద్యోగ భృతికి అర్హుడగును. మొదటి 30 దినములకు కూలిలో నాలుగవ వంతునకును, ఆ పైన ఆర్థిక సంవత్సరము ముగియువరకు సగమునకును ఆ భృతి తగ్గరాదు. 2025–26లో తెలంగాణపు కూలి 307 రూపాయలు. గడువు దాటిన పిమ్మట 40 దినములు పని లేక కూర్చున్న కూలికి 76 రూపాయల 75 పైసల చొప్పున ముప్పది దినములకును, 153 రూపాయల 50 పైసల చొప్పున పది దినములకును కలిపి 3837 రూపాయల 50 పైసలు రావలెను.

రావలెనే గాని, దేశమంతటను ఈ భృతి చేతికందినవారు మిక్కిలి కొలదిమంది. కారణము చట్టపు నిర్మాణమునందే ఉన్నది. 2005 చట్టము ప్రకారము కూలి సొమ్ము కేంద్రము ఇచ్చును, భృతి సొమ్ము రాష్ట్రము తన బొక్కసమునుండి ఇచ్చుకొనవలెను. పని చూపని రాష్ట్రమునకు ఇది అంకుశము కావలెనని చట్టకర్తల తలంపు; ఆచరణలో మాత్రము, పని అడిగినట్లు కాగితముపై జాడ లేకుండ చేసినచో బాధ్యతయే లేదను మార్గము తెరచుకొనినది. “పని లేదమ్మా, వచ్చే వారం చూద్దాం” అని ఊరిలో ఉపాధి పనులు చూచు ఫీల్డ్ అసిస్టెంటు నోటిమాటగా చెప్పి పంపివేయును. ఆ తల్లి పని అడిగిన సంగతి కంప్యూటరుకు ఎక్కదు. ఎక్కనిదానికి గడువు లేదు, గడువు లేనిదానికి భృతి లేదు.

కావున పని అడుగుట వ్రాతపూర్వకముగా జరుగవలెను. కనీసము పదునాలుగు దినముల ఎడతెగని పని కావలెనని తెల్లకాగితముపై వ్రాసి, ఏ తేదీనుండి కావలెనో తెలిపి, గ్రామ పంచాయతీలో గాని మండల పరిషత్తు కార్యాలయమున గాని ఇచ్చి, తేదీ వేసిన రసీదు పొందవలెను. ఆ రసీదు ఇచ్చుట వారి దయ కాదు, విధి. ఉపాధి కూలీల జట్టగు శ్రమశక్తి సంఘమువారందరు ఒక్క అర్జీగా అడిగినచో త్రోసిపుచ్చుట కష్టతరము. అమెరికాలో నిరుద్యోగ బీమా పొందుచున్న తెలుగు యువకుడు తాను ఉద్యోగమునకై వెదకుచుంటినని పెక్కు రాష్ట్రములలో వారము వారము ధ్రువపరుపవలసియుండును. ఎర్రుపాలెపు కూలికి పని అడిగిన కాగితమే ఆ వెదకులాటకు సాక్ష్యము.

పని చూపినప్పుడు మాత్రము వెళ్ళితీరవలెను. పిలుపు అందిన 15 దినములలో పనికి పోనివారును, అనుమతి లేక వారమునకు మించి మానివేసినవారును మూడు మాసములు భృతికి అనర్హులగుదురని 2005 చట్టము. చూపిన పని అయిదు కిలోమీటర్లకు ఆవల ఉన్నచో కూలిపై నూటికి పది రూపాయలు అధికముగా ఈయవలెను.

2025 డిసెంబరులో పార్లమెంటు ఈ చట్టము స్థానమున క్రొత్తదానిని ఆమోదించినది. దినములు 125 అయినవి. ఖర్చులో నూటికి నలుబది పాళ్ళు చాల రాష్ట్రములపై పడినవి. విత్తు కోతల కాలమున 60 దినములవరకు పనులు నిలుపుటకు అవకాశము కల్పింపబడినది. కూలిలో కూడ పాలు పంచుకొనవలసిన రాష్ట్రము, పని అడిగినవారి పేర్లు వ్రాసికొనుటకు మునుపటికంటె ఎక్కువగా వెనుకాడునేమో అను భయము నాకు కలదు. పదునైదు దినముల గడువును, అది దాటిన భృతియు క్రొత్త చట్టమునందును నిలిచియుండుట ఊరట.

భృతి రానిచో ఫిర్యాదు మొదట మండలమునందలి కార్యక్రమాధికారికి చేయవలెను. ఏడు దినములలో దానిని పరిష్కరింపవలెనని పాత చట్టపు నియమము. మన తెలుగు నేల దేశమునకు దారి చూపిన సామాజిక తనిఖీ మరియొక వేదిక. తనిఖీ బృందము ఊరికి వచ్చి ఇంటింట జాబ్ కార్డులు చూచునప్పుడు, పని చేసిన దినముల లెక్కతోపాటు పని అడిగి పొందని దినముల లెక్కను కూడ వ్రాయింపవలెను. మండలములో జరుగు ప్రజావేదికకు పని అడిగిన రసీదులు తీసికొనిపోయి, అధికారి ఎదుట చదివింపవలెను.