ద్రావణాలు – గాఢత: నల్లగొండ నీరు నేర్పే పాఠం

రసాయన శాస్త్రంలో అడుగుపెట్టిన ప్రతి విద్యార్థీ ద్రావణాల అధ్యాయాన్ని చదువుతాడు. సూత్రాలను కంఠస్థం చేస్తాడు, పరీక్ష ముగియగానే మరచిపోతాడు. కాని ఆ అధ్యాయంలోని 'గాఢత' అన్న ఒక్క మాట మన తెలుగునాట అనేక గ్రామాల ప్రజల ఆరోగ్యాన్ని శాసించింది. ఆ మాటను సరిగా అర్థం చేసుకొనడానికి నల్లగొండ జిల్లా నీటికంటె మంచి ఉదాహరణ లేదు.

రెండుగాని, అంతకు మించిగాని పదార్థాల సజాతీయ మిశ్రమమే ద్రావణం. కరిగేది ద్రావితం, కరిగించుకొనేది ద్రావణి. ఉర్దూ మాధ్యమంలో చదివిన మన మిత్రులు ద్రావణాన్ని 'మహ్‌లూల్' అనీ, గాఢతను 'ఇర్తికాజ్' అనీ అంటారు. భాష ఏదైనా భావమొక్కటే: నిర్ణీత పరిమాణంగల ద్రావణంలో ఎంత ద్రావితం ఉన్నదో తెలిపేదే గాఢత.

దీనిని అనేక విధాలుగా చెప్పవచ్చు. లీటరు ద్రావణంలో ఎన్ని మోల్‌ల ద్రావితం ఉన్నదో చెప్పితే అది మొలారిటీ. ప్రయోగశాలలో ఇది సౌకర్యం. కాని త్రాగునీటిలోని లవణాలు అత్యల్పం కనుక వాటిని లీటరుకు మిల్లీగ్రాములలో చెప్పుతారు. లీటరు నీటి బరువు ఇంచుమించు కిలోగ్రాము, అనగా పది లక్షల మిల్లీగ్రాములు. కావున లీటరుకు 1 మిల్లీగ్రాము అంటే పది లక్షల భాగాలలో ఒక భాగం; దీనినే 1 పి.పి.ఎం. అంటారు. ఫ్లోరైడ్ మోల్ భారం 19 గ్రాములు. అందువలన లీటరుకు 1.9 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్న నీటి మొలారిటీ 0.0001 మాత్రమే. ఇంత స్వల్పమైన అంకె మనిషిని ఏమి చేయగలదని తోచవచ్చు.

1937లో షార్ట్ మొదలైన వైద్య పరిశోధకులు నాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్ వ్యాధిని గుర్తించి ప్రకటించారు. తరువాత నల్లగొండ జిల్లా ఈ వ్యాధికి పేరుమోసింది. మర్రిగూడ, మునుగోడు ప్రాంతాలలో పండ్లపై గారలు, బిగుసుకొనిపోయిన కీళ్లు, వంగిన వెన్నెముకలు కనిపించాయి. త్రాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము మించరాదనీ, మరొక నీటి ఆధారం లేనప్పుడు 1.5 వరకు సహించవచ్చుననీ భారతీయ ప్రమాణం. అదే ఫ్లోరైడ్ అల్పంగా ఉంటే దంతక్షయాన్ని అరికడుతుంది. 1945లో అమెరికాలోని గ్రాండ్ రాపిడ్స్ నగరంలో నీటికి కోరి దానిని కలిపారు. పదార్థం ఒక్కటే, మేలుకూ కీడుకూ మధ్య హద్దు గాఢతయే.

ఈ ఫ్లోరైడ్ ఎక్కడినుండి వచ్చింది? నల్లగొండ నేల అడుగున గ్రానైట్ శిలలు ఉన్నాయి. వాటిలోని ఫ్లోరిన్ ఖనిజాలు భూగర్భజలంలో మెల్లగా కరుగుతాయి. కాల్షియం ఫ్లోరైడ్‌కు నీటిలో కరిగే గుణం చాల తక్కువ. లీటరు శుద్ధజలంలో 25 డిగ్రీల వద్ద సుమారు 16 మిల్లీగ్రాములే కరిగి ద్రావణం సంతృప్తమవుతుంది. సంతృప్త ద్రావణమంటే గాఢ ద్రావణమేనని చాలమంది భ్రమపడతారు. ఇక్కడ చూడండి: ద్రావణం సంతృప్తమే, అయినా ఎంతో విలీనం! అంత విలీనమైనా అందులోని ఫ్లోరైడ్ సుమారు 7.8 మిల్లీగ్రాములు, అనగా 1.5 హద్దుకు ఐదింతలు. నీటిలో కాల్షియం అయాన్లు ఎక్కువగా ఉంటే ఫ్లోరైడ్ అవక్షేపంగా వేరుపడుతుంది. కాల్షియం కొరవడిన క్షారగుణపు నీటిలో అది నిలిచిపోతుంది.

ఇక్కడ రెండు విషయాలు విద్యార్థులు తప్పక గ్రహించాలి. మొదటిది, నీటిని కాచినంత మాత్రాన ఫ్లోరైడ్ పోదు. కాచితే సూక్ష్మజీవులు నశిస్తాయి. నీరు ఆవిరై తగ్గుతుంది, ద్రావితం మిగిలిపోతుంది. లీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున 10 లీటర్ల నీటిలో 20 మిల్లీగ్రాములు ఉంటాయి. మరిగి 8 లీటర్లయితే గాఢత 2.5కు పెరుగుతుంది.

రెండవది, గాఢత వేరు, మొత్తం పరిమాణం వేరు. బిందెడు నీటికీ, అందులోనుండి ముంచిన గ్లాసెడు నీటికీ గాఢత ఒక్కటే. కాని ఆ నీటిని నీడపట్టున కూర్చుని రోజుకు 2 లీటర్లు త్రాగేవాని శరీరంలోకి 4 మిల్లీగ్రాములు పోతే, ఎండలో పొలం పనిచేసి 5 లీటర్లు త్రాగే కూలీ శరీరంలోకి 10 మిల్లీగ్రాములు పోతాయి. ఒకే బావి నీరు అందరినీ ఒకే విధంగా బాధించదనడానికి ఇదొక కారణం.

నివారణ మార్గాలు కూడ ఈ అధ్యాయంలోనివే. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధనా సంస్థ 1970లలో రూపొందించిన పద్ధతికి 'నల్లగొండ పద్ధతి' అనే పేరు వచ్చింది. నీటిలో సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడరు కలిపి కలియబెట్టితే అల్యూమినియం హైడ్రాక్సైడ్ తెట్టెలుగా ఏర్పడి ఫ్లోరైడ్‌ను పట్టుకొని అడుగున చేరుతుంది. పైనీటిని వడగట్టుకోవాలి. పటిక ఎంత వేయాలన్నది నీటిలోని ఫ్లోరైడ్ గాఢతపైనా, క్షారగుణంపైనా ఆధారపడుతుంది కనుక కొలవకుండ వేయరాదు.

రెండవ మార్గం నదీజలం. 4 మిల్లీగ్రాముల గాఢతగల బావినీరు ఒక లీటరును 1కి దించాలంటే 0.5 గాఢతగల నదీజలం 6 లీటర్లు కలపాలి; విద్యార్థులు లెక్కవేసి చూడవచ్చు. ఆరు లీటర్ల మంచినీరే దొరికినప్పుడు బావినీటితో పనియేమి? అందుచేతనే బావిని వదలి నదినీరు త్రాగడమే శాశ్వత పరిష్కారమని నల్లగొండ ప్రజలు దశాబ్దాలపాటు ఆందోళన చేశారు. మన జంటనగరాలకు కృష్ణాజలం తెచ్చే గొట్టాలు ఆ జిల్లా నేలమీదుగానే వచ్చాయి. 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ పథకం ద్వారా అక్కడి ఇళ్లకు కూడ శుద్ధిచేసిన నదీజలం చేరింది. అయితే ఒకసారి వంగిన ఎముకను ఏ నీరూ తిరిగి నిటారు చేయలేదు.

కావున విద్యార్థులారా, గాఢతను కేవలం ఐదు మార్కుల ప్రశ్నగా చూడవద్దు. మీ స్వగ్రామంలో బోరుబావి ఉన్నట్లయితే, ఆ నీటిని పరీక్ష చేయించి లీటరుకు ఎన్ని మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్నదో తెలుసుకొనండి. ఆ అంకెను చదివి, దాని అర్థాన్ని ఇంటిలోని పెద్దలకు వివరించగలిగిన నాడు మీరు ఈ అధ్యాయాన్ని నిజంగా చదివినట్లు.