ఒకే పేరు - రెండు లాగిన్లు

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలు 2016 అక్టోబరు 11వ తేదీన మహబూబ్‌నగర్ జిల్లా నుండి వేరుపడినవి. తెలంగాణమంతట వలెనే ఇచ్చటను 2020 నుండి వ్యవసాయభూముల రిజిస్ట్రేషను తహసీల్దారు కార్యాలయములోనే కంప్యూటరు ద్వారా జరుగుచున్నది. ఇందులకు మొదట ధరణి, 2025 నుండి భూభారతి అను వ్యవస్థ ఏర్పడినది. పూర్వము పహాణీలో దిద్దుబాటు కనబడినచో చేవ్రాతను, సంతకమును చూచి దిద్దినవారిని పోల్చెడివారు. కంప్యూటరులో అందరి అక్షరములును ఒక్కటే. వ్రాసినదెవరో తెలిపెడి ముఖ్యమైన గుర్తు లాగిన్. ఒకే పేరు ఏకకాలమున రెండు కంప్యూటర్లలో తెరచియున్నచో ఆ గుర్తు చెడును.

లాగిన్ చేయగానే పేరును, పాస్‌వర్డును సర్వర్ పరీక్షించును. చక్కగా నిర్మించిన వ్యవస్థలో పాస్‌వర్డును ఉన్నదున్నట్లు దాచరు. గణితక్రియచే దానినుండి పొందిన విలువను మాత్రమే దాతురు. ఆ విలువనుండి పాస్‌వర్డును తిరిగి రాబట్టుట మిక్కిలి కష్టము. పరీక్ష సరిపోయినపుడు సర్వర్ ఒక సంకేతమును చీటీవలె ఇచ్చి, తన పట్టికలో పేరు, కంప్యూటరు, వేళ నమోదు చేసికొనును. ఆ చీటీ చెల్లెడి కాలమునకు సెషన్ అని పేరు.

అదే పేరుతో రెండవచోటినుండి లాగిన్ వచ్చినచో సర్వర్ క్రొత్తదానిని నిరాకరింపవచ్చును, లేదా పాతదానిని మూసివేయవచ్చును. నిరాకరించుటలో ఒక చిక్కు కలదు. కరెంటు పోయి కంప్యూటరు ఆగినపుడు ఉద్యోగి లాగౌట్ చేయజాలడు. పట్టికలో అతని పేరు మిగిలిపోవును. కరెంటు వచ్చిన పిమ్మట తన పేరే తనకు అడ్డుపడును. అందుచే కొంతసేపు కదలిక లేని సెషన్ రద్దగునట్లు గడువు పెట్టుదురు. గడువు మరీ తక్కువైనచో పని నడుమ తెగును. మరీ ఎక్కువైనచో ఉద్యోగి భోజనమునకు లేచినపుడు ఆ కుర్చీలో మరొకరు కూర్చుండి పని చేయవచ్చును.

ఇంతకంటె కఠినమైనది పెక్కు సర్వర్ల సమస్య. పై మూడు పట్టణములలో ఒక్కొక్క సర్వర్ ఉండి, మూడును అందరి లాగిన్లను పరీక్షింపగలవనుకొనుడు. గద్వాలలో తెరచిన పేరు ఆ క్షణముననే నాగర్‌కర్నూల్‌లోను తెరువబడినచో ఆ సంగతి రెండవ సర్వర్‌కు ఎట్లు తెలియును? మూడింటికిని ఉమ్మడి పట్టిక ఉండవలెను. కాని తీగ తెగినచో ఆ పట్టిక అందదు. అప్పుడు పని ఆపుటయో, తనిఖీ లేకయే అనుమతించుటయో తప్పదు. మైక్రోసాఫ్టువారు 2000లో విడుదల చేసిన యాక్టివ్ డైరెక్టరీలో ఇట్లే పలు సర్వర్లు విడివిడిగా లాగిన్లను అంగీకరించును. ఒక పేరునకు ఇన్ని లాగిన్లే యను కట్టడి అందు స్వతహాగా లేదు. అంతకుముందు ప్రచారములోనున్న నోవెల్ వారి నెట్‌వేర్‌లో అది ఉండెడిది.

పేర్లు వేరైనను ఇద్దరు ఒకేచోట వ్రాసినచో ప్రమాదమే. ఒక కంప్యూటరును పలువురు ఏకకాలమున వాడుటకు వీలు కల్పించిన తొలి వ్యవస్థలలో నొకటియగు సి.టి.ఎస్.ఎస్. 1961లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో ప్రదర్శింపబడినది. 1960 దశాబ్ది నడుమ ఒకనాడు అందు ఇద్దరు నిపుణులు ఒకేసారి, ఒకరు ఆనాటి ప్రకటనను, వేరొకరు పాస్‌వర్డుల పట్టికను దిద్దుచుండిరి. ఇద్దరి తాత్కాలిక ప్రతులకును ఒకే పేరుండుటచే అవి తారుమారై, లాగిన్ చేసినవారికి ప్రకటనకు బదులు అందరి పాస్‌వర్డులును కనబడెను. నేటి డేటాబేసులలో ఒక ఖాతాను ఒకరు దిద్దుచుండగా, అది ముగియువరకు రెండవవారిని ఆపెడి తాళపు ఏర్పాటు కలదు.

ఎన్ని ఏర్పాట్లున్నను సర్వర్ పేరును ఎరుగును గాని మనిషిని ఎరుగదు. కొన్నిచోట్ల వేలిముద్ర కూడ అడుగుట ఇందుకే. పాస్‌వర్డును తోటివానికి చెప్పిన ఉద్యోగి, అతడు వ్రాసినదానికి తాను జవాబుదారి యగును. ఏ రైతు పట్టాయో మారినపుడు నిజము తేల్చుట దుస్సాధ్యమగును. పాఠశాల కంప్యూటరు గదిలో సైతము ప్రతి విద్యార్థికిని వేరు పేరు ఇచ్చి, లేచునపుడు లాగౌట్ చేయుట అలవాటు చేసినచో ఈ పాఠము చిన్ననాటనే వంటబట్టును.