మీకు తెలుసా? కోపీ కప్పులో ఓక్ చేవ

సింగపూర్‌లోని బుకిట్ పంజాంగ్ హాకర్ సెంటర్‌లో ‘కోపీ’ అడిగితే కండెన్స్‌డ్ మిల్క్ కలిపిన చిక్కటి కాఫీ వస్తుంది. పాలు వద్దంటే ‘కోపీ ఓ’, చక్కెర కూడా వద్దంటే ‘కోపీ ఓ కొసోంగ్’. అక్కడి సంప్రదాయ కోపీకి వాడేది ప్రధానంగా రోబస్టా గింజలే.

ఆ పేరు, ‘దృఢమైన’ అని చెప్పే ఇంగ్లిష్ విశేషణం ‘రోబస్ట్’ ఒకే ఇంటివి. మూలం లాటిన్ ‘రోబుర్’: ఓక్ చెట్టు, దాని గట్టి చేవ. ఐరోపా ఓక్ ఒకదాని శాస్త్రీయ నామం ఇప్పటికీ క్వెర్కస్ రోబుర్. సాక్ష్యాన్ని బలపరిచే ‘కొరాబొరేట్’ కూడా ఈ వేరుదే. మనం ‘చేవగల మనిషి’ అంటాం కదా, రోమన్లదీ అదే దారి!

ఇంగ్లిష్‌లోకి 16వ శతాబ్దంలో వచ్చిన ‘రోబస్ట్’ అనే మాట ఒంటి దారుఢ్యం దాటి సాఫ్ట్‌వేర్, ఆర్థిక వ్యవస్థల దాకా పాకింది. లెక్కకు ఆధారమైన ఊహలు కాస్త తప్పినా ఫలితం చెదరని పద్ధతులకు 1953లో గణాంకవేత్త జార్జ్ బాక్స్ ఈ పేరే వాడాడు. ఈదురుగాలిని మాత్రం ‘స్ట్రాంగ్’ అనాలి, ‘రోబస్ట్’ అనకూడదు. ఇది దెబ్బను తట్టుకునే బలం.

కాఫీ మొక్కకు ఆ పేరు అతికినట్టు సరిపోయింది. 19వ శతాబ్దం చివర్లో ఆకుల తుప్పు తెగులు సిలోన్, జావాల్లోని అరబికా తోటలను దెబ్బతీస్తే, దాన్ని మెరుగ్గా తట్టుకున్న రోబస్టా జావాలో పాతుకుపోయింది. దీనిలో కెఫీన్ అరబికాకు దాదాపు రెట్టింపు. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన మన అరకు కాఫీ మాత్రం అరబికా.