సామాను సంచుల అమరిక

సైనికుడు ఒంటిమీద సామాను మోయుట పాతదే. దానిని తగిలించు పద్ధతి మాత్రము పలుమార్లు మారినది. బ్రిటిషు సైన్యము 1908లో తోలును విడిచి దళసరి నూలుపట్టీల సామగ్రిని స్వీకరించినది. తడిసిన తోలు సాగును, ఎండినచో బిగిసి పగులును. అమెరికా సైన్యము 1973లో నైలానును చేపట్టి, చిన్నసంచులను లోహపు క్లిప్పులతో నడికట్టుకు తగిలించినది. 1990ల చివర ‘మోలీ’ అను పద్ధతి వచ్చినది. నేడు కొండలెక్కువారు కొను సంచులలోను ఈ అమరిక కనబడుచున్నది.

ఇందులో కోటుమీద అంగుళము వెడల్పు పట్టీలు అడ్డముగా, అంగుళము ఎడముతో వరుసలుగా నుండును. ప్రతి ఒకటిన్నర అంగుళమునకు ఒక గట్టి కుట్టు. సంచి వెనుకను అట్టి పట్టీలే యుండి, పైనుండి నాడాలు వ్రేలాడును. నాడాను మొదట కోటుపట్టీ క్రింద, పిదప సంచిపట్టీ క్రింద, మరల కోటుపట్టీ క్రింద దూర్చవలెను. నులకమంచము అల్లినట్లే ననుకొనుడు. అనేకులు సంచిపట్టీని విడిచి, నాడాను కోటుపట్టీలలో మాత్రమే దించి బొత్తాము నొక్కెదరు. నిలుచున్నప్పుడు లోపము తెలియదు. పరుగెత్తినచో సంచి ఊగి, బరువంతయు రెండు కుట్లమీద పడి అవి తెగును. నింద మాత్రము గుడ్డకు వచ్చును!

గుడ్డ సంగతి. నూలుపోగు తొమ్మిదివేల మీటర్ల పొడవున ఎన్ని గ్రాములు తూగునో అదియే దాని డెనియర్. వేయి డెనియర్ గుడ్డ దళసరి, ఒరపిడికి ఓర్చును, అయిదువందలది తేలిక. పెద్ద అంకె చూచి మురియుటకంటె సంచిని తిరగవేసి, నాడా మొదట దగ్గరదగ్గరగా అడ్డుకుట్టు పడినదో లేదో చూచుట మేలని మా అభిప్రాయము. వెల్క్రో మూత త్వరగా తెరచుకొనును గాని చప్పుడు చేయును, మట్టి పట్టినచో అంటదు. బకిలు మూత నెమ్మది, కాని నమ్మదగినది.

బరువైనవి ఒంటికి దగ్గరగా నుండవలెను. బోర్ల పండుకొనవలసినవారు రొమ్ముమీద ఎత్తైన సంచులు పెట్టరాదు. అన్నియు నింపి గెంతి, వంగి, ప్రాకి చూడుడు. అద్దము ముందు నిలుచుట పరీక్ష కాదు.

ప్రథమచికిత్స సంచి విషయమున ఉపేక్ష పనికిరాదు. కుడిచేతికి గాయమైనచో ఎడమచేతికి, ఎడమచేతికైనచో కుడిచేతికి అది అందవలెను. స్పృహ తప్పినచో విప్పువాడు తోడివాడే. కనుక అది ఎచట నున్నదో బయలుదేరుటకు ముందే అతనికి చూపించియుంచుడు.