ఆరు బ్యాగుల సోనా మసూరి

ఈ వారం సోనా మసూరి బియ్యం గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం. రోజూ తినేదేగా, కొత్తగా చెప్పడానికి ఏముంది అంటారేమో! 2023 జులైలో మనమంతా ఏం చేశామో ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి.

ఆ నెల 20వ తేదీన భారత ప్రభుత్వం బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతిని నిషేధించింది. దేశంలో బియ్యం ధర ఏడాదిలో 11.5 శాతం పెరిగిందని, దాన్ని అదుపు చెయ్యాలని కారణం చెప్పింది. ఆ వారాంతంలోనే, డాలస్ పక్కన ఇర్వింగ్‌లో మేం వెళ్ళే ఇండియన్ స్టోరు ముందు ఇంత పొడుగు క్యూ. అందులో నేనూ ఉన్నాను. దాచడమెందుకు, ఇంట్లో సగం బ్యాగు ఉండగానే 20 పౌండ్లవి మరో ఆరు డిక్కీలో వేసుకొచ్చాను. నా వెనక నుంచున్న పెద్దాయన ఖాళీ చేతులతో వెళ్ళిపోవడం చూశాను. చూసి కూడా ఊరుకున్నాను.

నిజానికి ఆ రోజు ఇక్కడ బియ్యానికి కరువేమీ రాలేదు. అక్కడ రేవులో ఎక్కిన సరుకు మన స్టోరు చేరడానికి నెల పైనే పడుతుంది. అంటే గోడౌన్లలో ఉన్నదీ, సముద్రం మీద ఉన్నదీ ఎక్కడికీ పోలేదు. అప్పటికే లోడింగు మొదలైన ఓడల్ని కూడా వెళ్ళనిచ్చారు. బాస్మతికి నిషేధం లేదు. ఉప్పుడు బియ్యానికీ లేదు, కాబట్టి ఇడ్లీలకి ఢోకా లేదు. మరి అరలు ఎందుకు ఖాళీ అయ్యాయి? మనం ఖాళీ చేశాం కాబట్టి!

మా ఇంట్లో నెలకో బ్యాగు అవుతుంది. నాలాగా ప్రతివాళ్ళూ ఆరేసి కొంటే, ఆర్నెల్ల అమ్మకం ఒక్కపూటలో జరిగినట్టు. ఏ కొట్టువాడూ అంత నిల్వ పెట్టుకోడు. అమ్మకం చూసి అతను రెట్టింపు ఆర్డరిస్తాడు, దిగుమతిదారు ఇంకా ఎక్కువ అడుగుతాడు. కొరడా పిడి దగ్గర కాస్త కదిలిస్తే కొసన ఛెళ్ళుమన్నట్టు, మన చిన్న కంగారు పైకి పోయేకొద్దీ పెద్ద కొరతగా కనిపిస్తుంది. ధరలూ అలాగే ఎగిరాయి. కుటుంబానికి ఒక్క బ్యాగే అని కొన్ని స్టోర్లు బోర్డు పెట్టాయి. అప్పుడు విసుక్కున్నాను గాని, గొలుసు తెగకుండా కాపాడింది అలాంటి బోర్డులే.

ప్రపంచంలో దేశాల మధ్య అమ్ముడయ్యే బియ్యంలో దాదాపు 40 శాతం భారతదేశానిదే. ఒకే చోటి మీద అంత ఆధారపడితే అక్కడ తలుపు మూసినప్పుడు అందరికీ తగులుతుంది. 2023 ఆగస్టులో ప్రపంచ బియ్యం ధరలు 15 ఏళ్ళలో ఎన్నడూ లేనంత పెరిగాయి. మనకది రుచి సమస్య. భారత బియ్యం మీద బతికే బెనిన్ వంటి ఆఫ్రికా దేశాల్లో పేదలకు అది కడుపు సమస్య. పైగా ఆ ఏడాది చివర్లో ఎర్ర సముద్రంలో ఓడల మీద దాడులు మొదలై, చాలా ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరిగి పోవలసి వచ్చింది.

మరి గొలుసు గట్టిపడేదెలా? మన పల్లెల్లో గాదెలుండేవి. పంటకీ పంటకీ మధ్య ఇల్లు గడవడానికి ఎంత కావాలో అంతే నిల్వ. ఆ లెక్క స్టోరుకీ, దిగుమతిదారుకీ, ప్రభుత్వానికీ కూడా వర్తిస్తుంది. రెండోది, ప్రత్యామ్నాయం. అమెరికా బియ్యంలో సుమారు సగం అర్కాన్సాలో పండుతుంది. థాయ్ జాస్మిన్ ఎప్పుడూ దొరుకుతూనే ఉంది. దాంతో మా ఇంట్లో పులిహోర కాస్త ముద్దయిన మాట నిజమే, అయినా ఎవరూ పస్తులుండలేదు.

నిషేధం 2024 సెప్టెంబరు 28న ఎత్తేశారు. అప్పటికి నా ఆరు బ్యాగుల్లో రెండు గరాజ్‌లో పురుగు పట్టి చెత్తబుట్టలోకి పోయాయి. ఆ పెద్దాయన ఇంటికి చేరవలసిన బియ్యం అవి.

ఇప్పుడు మా ఇంట్లో ఒక బ్యాగు వాడుకలో, ఒకటి విప్పకుండా. అంతే. ఈసారి ఇలాంటి కబురొస్తే కారు తాళాలు తీసేముందు మూడు ప్రశ్నలు వేసుకుందాం. ఆగింది ఏ రకం? దారిలో ఎంతుంది? ఇంట్లో ఎంతుంది?